ఊపిరి వేరు, శ్వాస వేరు: సైటోక్రోమ్ ఆక్సిడేజ్ నిర్మాణం చెప్పేదీ, చెప్పనిదీ

ఖతర్ రాజధాని దోహాకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో రాస్ లఫాన్ పారిశ్రామిక నగరం ఉంది. సముద్రగర్భంలోని నార్త్ ఫీల్డ్ నుంచి గొట్టాల గుండా వచ్చే సహజవాయువును అక్కడ శుద్ధిచేసి, అతిశీతల ద్రవంగా మార్చి ఓడలకెక్కిస్తారు. 1971లో కనుగొన్న ఈ నిక్షేపం, ఇరాన్ వైపు భాగమైన సౌత్ పార్స్‌తో కలిపి చూస్తే, ప్రపంచంలోకెల్లా పెద్దది. అక్కడి ఇంజనీర్లలో, ఆపరేటర్లలో, వెల్డర్లలో, పరంజా కట్టేవారిలో తెలుగువారూ ఉన్నారు.

ఆ వాయువు శుద్ధమైన మీథేన్ కాదు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే ఈ విషాన్ని ఎమీన్ ద్రావణాలతో కడిగి వేరుచేసి, గంధకంగా మార్చి అమ్ముతారు. ముడివాయువులో దాని పాలు అర శాతమే అనుకున్నా అది 5000 పిపిఎం, అంటే పదిలక్షల పాళ్ళలో ఐదువేలు. మనిషి కొద్దిపాటి ఊపిరులలోనే కుప్పకూలడానికి వెయ్యి పాళ్ళు చాలు. అందుకే ఇలాంటి ప్లాంట్లలో పనిచేసేవారు చొక్కాకు చిన్న మీటరు తగిలించుకుంటారు. సాధారణంగా అది 5 లేదా 10 పిపిఎం దగ్గరే మోగేలా అమర్చి ఉంటుంది.

ఈ వాయువు మనిషిని ఎలా చంపుతుందన్న ప్రశ్నకు వాడుకలో వినిపించే జవాబులు రెండు. ఒకటి, ఇది గాలిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. రెండు, ఇది ఊపిరితిత్తులను పనిచేయనివ్వదు. మొదటి జవాబును చిన్న లెక్కతో పరీక్షించవచ్చు. వెయ్యి పాళ్ళంటే 0.1 శాతం. అంత విషం గాలిలో కలిసినా ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 20.88కి తగ్గుతుంది, అంతే. రెండవ జవాబులో కొంత నిజముంది కాని, అది ప్రాణం తీసే దెబ్బ తగిలే చోటు కాదు. అసలు చోటు ఊపిరితిత్తులకు చాలా దూరంలో, ప్రతి కణంలోని మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంది. దాని పేరు సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్. ఈ ఎంజైము గురించి శాస్త్రం ఏం చెప్పింది, బొమ్మను చూసి ఎంతవరకు చెప్పగలిగింది, ఎక్కడ తొందరపడింది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

శ్వాస అన్న మాటలోని చిక్కు

తెలుగు మాధ్యమపు జీవశాస్త్ర పాఠాలు ఉచ్ఛ్వాస నిశ్వాసాలను, శ్వాసక్రియను విడదీసే చెప్పేవి. మొదటిది గాలి రాకపోకలు. రెండవది కణంలో ఆహారాన్ని ఆక్సీకరించి శక్తిని రాబట్టుకోవడం. పరీక్షల కోసం ఈ తేడాను వల్లెవేసిన విద్యార్థికి ఆ తరువాత నిత్యవ్యవహారంలో మిగిలేది మాత్రం ‘శ్వాస’ అన్న ఒకే మాట. ‘ఊపిరాడక’ అన్న పదబంధం కొండెక్కినవాడికీ, ఆస్తమా ఉన్నవాడికీ, విషవాయువు పీల్చినవాడికీ సమానంగా వాడుతున్నారు.

కణశ్వాసక్రియ కథలో తెలుగువారికి సొంతమనిపించే పేరు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. ఆ కొలతే వారిని ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరకు, 1929లో ఏటీపీ దగ్గరకు నడిపించింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. తెలుగులో వచ్చే జనరంజక విజ్ఞాన రచనలు ఎక్కువగా ఇక్కడ ఆగుతాయి. మైటోకాండ్రియా శక్తి కర్మాగారం, ఏటీపీ శక్తి నాణెం అన్న రెండు ఉపమానాలతో కథ ముగుస్తుంది. ఆహారం నుంచి వచ్చే ఎలక్ట్రానుకూ, ముద్ర పడే నాణేనికీ మధ్య ఏమి జరుగుతుందన్నది ఖాళీగానే మిగిలిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ దెబ్బకొట్టేది సరిగ్గా ఆ ఖాళీలోనే.

విషం చూపిన దారి

ఈ ఎంజైము ఉనికిని మొదట బయటపెట్టినవి విషాలే. 1920లలో ఒట్టో వార్‌బుర్గ్ కార్బన్ మోనాక్సైడ్ ఈస్టు శ్వాసక్రియను ఆపుతుందనీ, దానిపై వెలుతురు ప్రసరింపజేస్తే శ్వాసక్రియ తిరిగి మొదలవుతుందనీ గమనించాడు. ఏ రంగు వెలుతురు ఎంత బాగా పనిచేస్తుందో కొలిచి, కంటికి కనిపించని ఆ ఎంజైములో హీమ్ జాతికి చెందిన ఇనుము ఉందని నిర్ధారించాడు. 1931లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చినది ఈ శ్వాస ఎంజైము మీది పనే. 1925లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కీలిన్ చిన్న వర్ణపటదర్శినితో కీటకాల కండరాలలోనూ, ఈస్టులోనూ కొన్ని నల్లటి గీతలను చూశాడు. గాలి తగిలితే ఆ గీతలు చెరిగిపోయేవి, గాలి ఆగితే తిరిగి వచ్చేవి. ఆ పదార్థాలకు సైటోక్రోములని పేరు పెట్టాడు.

శ్వాసక్రియ అంటే ఎలక్ట్రాన్లు ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరడమని దీనితో తేలింది. ఆ చివరి చెయ్యి సైటోక్రోమ్ ఆక్సిడేజ్. అది నాలుగు ఎలక్ట్రాన్లను, నాలుగు ప్రోటాన్లను ఒక ఆక్సిజన్ అణువుకు అందించి, రెండు నీటి అణువులను తయారుచేస్తుంది. మనిషి శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో అత్యధిక భాగం ఇక్కడే నీరుగా మారుతుంది.

మిచెల్, విక్‌స్ట్రామ్

1961లో పీటర్ మిచెల్ ఒక కొత్త ప్రతిపాదన చేశాడు. ఎలక్ట్రాన్లు దిగివచ్చేటప్పుడు విడుదలయ్యే శక్తి నేరుగా ఏటీపీలోకి పోదు. అది ప్రోటాన్లను పొరకు ఒక వైపు నుంచి మరో వైపుకు చేర్చడానికి ఖర్చవుతుంది. అలా కట్టకు అవతల పోగైన ప్రోటాన్లు తిరిగి పల్లానికి దిగేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. ఏళ్ళ తరబడి వ్యతిరేకతను ఎదుర్కొన్న ఈ సిద్ధాంతానికి 1978లో నోబెల్ బహుమతి దక్కింది.

విచిత్రమేమిటంటే, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ప్రోటాన్లను తోడుతుందని ఒప్పుకోవడానికి నిరాకరించినవాడు స్వయంగా మిచెలే. ఆయన ఊహించిన యంత్రాంగంలో ప్రోటాన్లు హైడ్రోజన్‌ను మోసే అణువులతో పాటు పొరను దాటుతాయి. ఆక్సిడేజ్‌లో అటువంటి మోతగాడు లేడు. కనుక అది ఎలక్ట్రాన్లను మాత్రమే దాటిస్తుందని ఆయన నమ్మాడు. 1977లో ఫిన్లాండుకు చెందిన మార్టెన్ విక్‌స్ట్రామ్ ఆక్సిడేజ్ నిజంగానే ప్రోటాన్లను బయటకు తోడుతుందని ప్రయోగపూర్వకంగా చూపాడు. వివాదం కొన్నేళ్ళు సాగింది. 1980ల మధ్యకు మిచెల్ తన పట్టు సడలించాడు. ఒక సిద్ధాంతకర్త తన సిద్ధాంతానికే అందంగా అమరిన రూపం ఇచ్చుకుని, ఆ అందానికే బందీ కావడం సాహిత్యంలోనే కాదు, విజ్ఞానంలోనూ జరుగుతుంది. బొమ్మ ఇంకా రాకముందే బొమ్మ గురించి ఏర్పడిన అభిప్రాయం అది. బొమ్మ వచ్చాక ఏర్పడిన అభిప్రాయాల కథ దానికంటే భిన్నంగా లేదు.

శక్తి లెక్క మాత్రం విక్‌స్ట్రామ్‌కు అనుకూలంగానే ఉంది. సైటోక్రోమ్ సి నుంచి ఆక్సిజన్‌కు దిగే ఒక్కో ఎలక్ట్రాను సుమారు 550 మిల్లీవోల్టుల ఎత్తు నుంచి దూకుతుంది. పొరకు అడ్డంగా ఉండే ఎదురు ఒత్తిడి సుమారు 200 మిల్లీవోల్టులు. ఒక్కో ఎలక్ట్రానుకు రెండు ఆవేశాలు పొరను దాటుతాయి: నీటి తయారీకి లోపలి వైపు నుంచి వచ్చే ప్రోటాను వల్ల ఒకటి, తోడిన ప్రోటాను వల్ల మరొకటి. మొత్తం ఖర్చు 400. రాబడిలో సరిపోతుంది, కొంత మిగులుతుంది కూడా.

1995: బొమ్మ వచ్చింది

1994లో జాన్ వాకర్ బృందం ఏటీపీ సింథేజ్ ప్రధాన భాగపు స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించింది. అందులోని మూడు క్రియాస్థానాలు మూడు వేర్వేరు స్థితులలో కనిపించాయి. ఆ ఎంజైము తిరుగుతూ పనిచేస్తుందన్న పాల్ బోయర్ ఊహకు ఆ అసమానత సాక్ష్యంగా నిలిచింది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ భ్రమణాన్ని సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూశారు. అదే ఏడు బోయర్, వాకర్ నోబెల్ పంచుకున్నారు. నిర్మాణం దొరికితే పనితీరు దానంతటదే తెలిసిపోతుందన్న ధీమాకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. చిక్కు ఏమిటంటే, అది ఉదాహరణే కాని నియమం కాదు.

1995లో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ నిర్మాణాలు రెండు ఒకేసారి వచ్చాయి. పారాకాకస్ అనే బాక్టీరియా ఎంజైమును జర్మనీలో హార్ట్‌ముట్ మిషెల్ బృందం, ఎద్దు గుండెలోని ఎంజైమును జపాన్‌లో షిన్యా యోషికావా, త్సుకిహారాల బృందం ఛేదించాయి. రెండింటి స్పష్టతా 2.8 ఆంగ్‌స్ట్రాములే. ఎద్దు ఎంజైములో 13 ఉపభాగాలు లెక్కతేలాయి. వాటిలో మూడింటికి సూత్రం మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏలో ఉంది. నడిమి భాగంలో పొరను పన్నెండు సార్లు దాటే ప్రోటీను, దాని కడుపులో రెండు హీములు, ఒక రాగి అయాను ఉన్నాయి. ఆక్సిజన్ వచ్చి కూర్చునే పీట హీమ్ ఎ3లోని ఇనుముకూ, రాగి బి అనే అయానుకూ మధ్య ఉంది. సయనైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఆక్రమించేదీ ఆ పీటనే.

ప్రోటాన్లు నడిచేందుకు వీలైన దారులు కూడా కనిపించాయి. లోపలి అంచున ఉన్న ఒక ఆస్పార్టేట్ నుంచి నీటి అణువుల వరుస వెంబడి నడిమిలోని ఒక గ్లుటమేట్ దాకా సాగేది డి దారి. ఒక లైసీన్ మీదుగా వెళ్ళేది కె దారి. ఇంతవరకు బొమ్మ బాగానే చెప్పింది. కాని ఆ గ్లుటమేట్ నుంచి ముందుకు, పీట వైపు గాని, బయటి వైపు గాని, దారి లేదు. సుమారు పది ఆంగ్‌స్ట్రాముల మేర నూనెగుణం గల ఖాళీ మాత్రమే ఉంది. పంపు ఉంది, కాలువ ఉంది. వాల్వు ఉండవలసిన చోట బొమ్మ మౌనం వహించింది.

ఈ మౌనానికి మూలకారణం సాంకేతికం, అదే సమయంలో తాత్వికం. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను తాకి చెదురుతాయి. ప్రోటాను అంటే ఎలక్ట్రానును పోగొట్టుకున్న హైడ్రోజన్. అంటే ఈ యంత్రం ఏ వస్తువును తోడుతుందో, ఆ వస్తువే ఈ కెమెరాకు కనిపించదు. ఎడ్లబండి వెళ్ళిన చాళ్ళను చూసి బండిలో ఏ సరుకు, ఏ పూట, ఏ దిక్కుకు వెళ్ళిందో చెప్పవలసిన పరిస్థితి ఇది.

ఒకే బొమ్మ, రెండు చదువులు

కనిపించని చోటును ఊహ పూరించింది. 1995లోనే మిషెల్ బృందం, రాగి బిని పట్టుకుని ఉన్న ఒక హిస్టిడీన్ తమ బొమ్మలో స్పష్టంగా కనిపించకపోవడాన్ని ఆధారం చేసుకుని, ఆ హిస్టిడీనే అటూ ఇటూ ఊగుతూ ప్రోటాన్లను దాటిస్తుందని ప్రతిపాదించింది. లేని సాంద్రతను సాక్ష్యంగా చదివిన ఆ ఊహ నిలవలేదు. యోషికావా బృందం మరో దారిని చూపింది. ఎద్దు ఎంజైములో హీమ్ ఎ పక్కగా సాగి, బయటి అంచున మరో ఆస్పార్టేట్ దగ్గర ముగిసే ఆ దారికి హెచ్ అని పేరు. ఎంజైము స్థితి మారినప్పుడు ఆ ఆస్పార్టేట్ కదలడం బొమ్మలలో కనిపించింది. దానిని మార్చినప్పుడు ప్రోటాన్ల తోడకం ఆగిందని వారు చూపారు. కాని ఈస్టులోనూ, బాక్టీరియాలోనూ అదే దారిలో మార్పులు చేసినవారికి తోడకం ఆగినట్లు కనిపించలేదు. ఎద్దుకు ఒక పంపు, ఈస్టుకు మరొక పంపు ఉంటాయా? క్రియాస్థానం అంత సమానంగా ఉన్న ఎంజైములలో అది నమ్మశక్యంగా లేదు. అయినా ఒక దారిని బొమ్మలో కదలిక చూసి ఎంచుకున్నవారికీ, కొలతలు చూసి ఎంచుకున్నవారికీ మధ్య సంభాషణ ఏళ్ళ తరబడి సమాంతరంగానే సాగింది.

ఇక్కడ విమర్శకుడు పట్టించుకోవలసిన ప్రయోగం ఒకటుంది. బాక్టీరియా ఎంజైములో డి దారి మొదట్లో ఒక ఆస్పరజీన్ ఉంది. నడిమిలోని గ్లుటమేట్‌కు అది సుమారు ఇరవై ఆంగ్‌స్ట్రాముల దూరం. దాన్ని ఆస్పార్టేట్‌గా మార్చినప్పుడు ఎంజైము ఆక్సిజన్‌ను నీరుగా మార్చే పని ఏమాత్రం తగ్గకుండా చేసింది. ఒక ప్రోటానును మాత్రం తోడలేదు. తెలుగు రైతుకు ఈ పరిస్థితి కొత్త కాదు. బావిలో ఫుట్‌వాల్వు పాడైన మోటారు ఇలాగే ఉంటుంది. మోటారు తిరుగుతుంది, కరెంటు కాలుతుంది, నీళ్ళు మాత్రం పైకి రావు. మోటారును ఎంత నిశితంగా ఫొటో తీసినా ఆ లోపం అందులో కనిపించదు. చిన్న మార్పు, అదీ దూరాన ఉన్నది, తోడకాన్ని ఎందుకు చెరిపింది? ఆ వాల్వు ఒక వస్తువు కాదు, ఒక సమయపాలన. ప్రోటాను ఏ క్షణంలో గ్లుటమేట్‌ను చేరుతుంది, ఆ క్షణంలో ఎలక్ట్రాను ఎక్కడ ఉంది, తిరుగుదారి ఎంతసేపు మూసి ఉంది అన్నవే దాన్ని నడుపుతాయి.

2003లో విక్‌స్ట్రామ్, వెర్ఖోవ్‌స్కీ, హమ్మర్ చేసిన ప్రతిపాదన ఈ దిశగా వేసిన ముఖ్యమైన అడుగు. నూనెగుణం గల ఆ ఖాళీలో కొన్ని నీటి అణువులు క్షణకాలం వరుసకడతాయి. ఎలక్ట్రాను ఉన్న చోటును బట్టి ఆ వరుస ఒకసారి బయటి వైపుకు, మరోసారి పీట వైపుకు తిరుగుతుంది. ఆ నీటి వరుసే వాల్వు. ఇది సంపూర్ణ సత్యమని చెప్పడానికి లేదు. కాని స్థిరమైన బొమ్మలో లేనిదాన్ని కాలంలో వెతకాలని ఇది గుర్తించింది. ఆ వెతుకులాటకు ఉపయోగపడిన పనిముట్టు కూడా గమనార్హం. 1963లో గిబ్సన్, గ్రీన్‌వుడ్ కార్బన్ మోనాక్సైడ్‌తో పీటను మూసి, ఆక్సిజన్ కలిపి, ఒక్క మెరుపు వెలుతురుతో ఆ వాయువును తొలగించి, ఆ వెంటనే జరిగే చర్యను క్షణాంశాలలో కొలిచారు. అది వార్‌బుర్గ్ చిట్కాయే. నిర్మాణం ఇవ్వలేని జవాబును మళ్ళీ విషమూ, వెలుతురూ ఇచ్చాయి.

పిస్టన్ మోహం

ఈ తొందరపాటు ఒక్క ఆక్సిడేజ్‌కు పరిమితం కాదు. శ్వాసశృంఖలంలో మొదటిదైన కాంప్లెక్స్ ఒకటి ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటుంది. నీటివైపు చాచిన చేతిలో ఎలక్ట్రాన్లు నడుస్తాయి, పొరలోని చేతిలో ప్రోటాన్లు దాటుతాయి. రెండు ఎలక్ట్రాన్లకు నాలుగు ప్రోటాన్లు. 2010లో లియోనిద్ సజానోవ్ బృందం బాక్టీరియా ఎంజైములో పొర వెంబడి పొడవుగా పడుకున్న ఒక హెలిక్స్‌ను చూపింది. అది ఆవిరియంత్రపు కడ్డీలా వరుసగా మూడు గేట్లను లాగుతుందని ప్రతిపాదించింది. బొమ్మ చూసిన ప్రతివారికీ ఆ మాట నచ్చింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు పిస్టన్‌ను ఇష్టంగా స్వీకరించాయి. ఆ కడ్డీలో మార్పులు చేసి పరీక్షించినప్పుడు మాత్రం ఆ పోలికకు తగిన ఫలితాలు రాలేదు. చెప్పుకోదగిన విషయమేమిటంటే, 2020లోనూ 2022లోనూ కొత్త క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలతో వేరొక యంత్రాంగాన్ని ప్రతిపాదించినది ఆ సజానోవ్ బృందమే. అందులో కడ్డీ లాగడం లేదు. నీటి వరుసలూ, ఆవేశాల మధ్య ఆకర్షణ వికర్షణలూ ఉన్నాయి. ప్రోటాన్లన్నీ చివరి ఉపభాగం నుంచే బయటకు వెళ్తాయన్నది అందులోని ఊహ. తన పోలికను తానే వదులుకోగల నిజాయితీ ప్రశంసనీయం. పాఠ్యపుస్తకాలకు మాత్రం అంత వేగంగా వదులుకునే అలవాటు లేదు.

‘పంపు’, ‘పిస్టన్’, ‘కర్మాగారం’ అన్నవి నేర్చుకోవడానికి నిచ్చెనలు. ఎక్కాక కూడా నిచ్చెననే ఇల్లనుకోవడం పొరపాటు. లోహపు యంత్రాలలో భాగాలు గట్టివి, కదలికలు పెద్దవి. ప్రోటీనులో ఒక నీటి అణువు క్షణకాలం నిలబడటమే ఒక గేటు కావచ్చు. నిర్మాణం అవసరం. అది లేకుంటే డి దారీ, ఆ గ్లుటమేట్, ఆ ఆస్పరజీన్ ఏవీ తెలిసేవి కావు. కాని నిర్మాణం అడిగిన ప్రశ్నలను నిర్మాణమే తీర్చిందని చెప్పడం చరిత్రకు విరుద్ధం.

మళ్ళీ రాస్ లఫాన్

ఇదంతా పరిశోధకుల తగాదా అనుకుంటే ప్రమాదం. హైడ్రోజన్ సల్ఫైడ్ పీటను ఆక్రమించినప్పుడు ఎలక్ట్రాన్లు వెనక్కి నిలిచిపోతాయి. ఆక్సిడేజ్‌తో పాటు దాని వెనకనున్న పంపులూ ఆగుతాయి. ప్రోటాన్ల కట్ట కుంగుతుంది, ఏటీపీ తయారీ ఆగుతుంది. ఏటీపీ నిల్వ లేని మెదడు ముందుగా దెబ్బతింటుంది. ఊపిరిని నడిపే మెదడు కాండం ఆగితే ఊపిరి ఆగుతుంది. క్రమం ఇది: శ్వాసక్రియ ముందు పోతుంది, ఊపిరి తరువాత పోతుంది. రక్తంలో ఆక్సిజన్ ఉండగానే ఇదంతా జరగవచ్చు. వేలికి తగిలించే ఆక్సీమీటరు సరఫరాను కొలుస్తుంది, వినియోగాన్ని కాదు.

ఇదే వాయువు అతిస్వల్ప మోతాదులో ఇంధనం కూడా. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దీన్ని రోజూ తయారుచేస్తాయి. మైటోకాండ్రియాలోని మరో ఎంజైము దాని ఎలక్ట్రాన్లను తీసి అదే శ్వాసశృంఖలానికి అందిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు చివరికి చేరేది ఆక్సిడేజ్‌నే. మోతాదు పెరిగి ఆ చివరి చెయ్యే మూతపడ్డప్పుడు ఇంధనం విషమవుతుంది.

ఇప్పుడు ‘ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది’ అన్న వివరణకు కలిగే ఫలితాన్ని చూడాలి. అది నమ్మిన కార్మికుడు ఆక్సిజన్ మీటరు 20.9 చూపిస్తే చోటు సురక్షితమనుకుంటాడు. కొద్దిసేపు ఊపిరి బిగబట్టి స్నేహితుణ్ణి లాక్కురావచ్చనుకుంటాడు, లేదా ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటాడు. సుమారు 100 పిపిఎం దాటాక ముక్కు వాసన పసిగట్టే శక్తిని కోల్పోతుందని తెలియక, వాసన పోయింది కనుక వాయువూ పోయిందనుకుంటాడు. ఈ నాలుగు తర్కాలూ ఆ వివరణకు సహజంగా పుట్టే పిల్లలే. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా మ్యాన్‌హోలులో పడినవారిని రక్షించబోయి రెండోవాడూ మూడోవాడూ పోయిన వార్తల వెనక ఉన్నదీ ఇదే తర్కం. శాస్త్రంలో తప్పు పోలిక ఒక తరం పరిశోధనను పక్కదారి పట్టించవచ్చు. ట్యాంకు మూత దగ్గర తప్పు పోలిక ప్రాణం తీస్తుంది.

సరైన వివరణ తెలుగులో చెప్పడం కష్టమేమీ కాదు. ‘గాలి ఉంటుంది, ఊపిరి ఆడుతుంది, రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కాని కణం దాన్ని వాడుకోలేదు, కాబట్టి బయటి నుంచి తెచ్చుకున్న గాలి సిలిండరు లేకుండా లోపలికి దిగరాదు.’ ఈ ఒక్క వాక్యానికి వార్‌బుర్గ్ నుంచి విక్‌స్ట్రామ్ దాకా అందరి శ్రమా అవసరమైంది. చొక్కాకు తగిలించిన ఆ చిన్న మీటరు కాపాడేది ఊపిరితిత్తులను కాదు. ఒక ఇనుముకూ ఒక రాగికీ మధ్య, ఆక్సిజన్ వచ్చి కూర్చునే ఆ ఇరుకైన పీటను.